కిబెరా బస్తీ పిల్లలు గీసిన పటం

ఈ రోజుల్లో ఏ ఇంట చూచినా పెద్దల నోట ఒకటే ఫిర్యాదు. కుర్రవాడు సెల్‌ఫోను చేతబట్టాడంటే ఇక వాడికి ఇల్లు అక్కరలేదు, వాడ అక్కరలేదు, పక్కింట్లో చావు జరిగినా తల ఎత్తడు. మా స్టాఫ్‌రూములో ఉపాధ్యాయులం మాట్లాడుకునేదీ ఇంచుమించు ఇదే. ఈ మాటలో నిజం లేదని నేననను. అయితే అలాంటి చేతి యంత్రాలనే పట్టుకొని తమ బస్తీ కోసం తిరిగిన యువకుల చరిత్ర ఒకటున్నది. అది మన దేశానిది కాదు, తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశానిది. ఆ బస్తీకి మొదట గుంజలు పాతినవారు ముస్లిములు. అక్కడి భాషలో మనం ఉర్దూలో పలికే మాటలు ఎన్నో ఉన్నాయి. కనుక మన సావనీరు పాఠకులకు ఈ కథ మరీ పరాయిదిగా తోచదని తలచి వ్రాస్తున్నాను.

ముందు ఆ మాటల సంగతే చెబుతాను. ఉర్దూ మీడియం బడిలో సాంఘికశాస్త్రం చెప్పేవాడిని, నా కన్ను అక్కడే పడుతుంది. కెన్యాలో వాడుక భాష స్వాహిలీ. అందులో పుస్తకం 'కితాబు'. సమాచారం 'హబారి', అంటే మన ఖబరే. పంతులుగారు 'మ్వాలిము', మన ముఅల్లిం. డబ్బు 'పెసా'. ఇది హిందూస్తానీ వర్తకుల వెంట ఓడలెక్కి పోయిన మన పైసా. 2007లో కెన్యాలో ఫోను ద్వారా డబ్బు పంపే పద్ధతి మొదలైతే దానికి 'ఎం-పెసా' అని పేరు పెట్టారు. ఇక టెలిఫోనును 'సీము' అంటారు. ఫారసీలో తీగకూ వెండికీ చెప్పే 'సీం' నుండి వచ్చినది. ముషాయిరాలలో 'సీమ్-ఓ-జర్' అని వింటాం గదా, ఆ సీమే. సెల్‌ఫోనుకు వాళ్ళ పేరు 'సీము యా ఎంకొనోని', చేతిలోని తీగ అన్నమాట. తీగే లేని యంత్రానికి తీగ అని పేరు! ఇంకొక మాట ఉన్నది, 'ఉషాహిది'. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

కెన్యా రాజధాని నైరోబీ. నగరం నడిబొడ్డు నుండి సుమారు 5 కిలోమీటర్లు నైరుతిగా పోతే కిబెరా బస్తీ వస్తుంది. ఆంగ్లేయుల ఏలుబడిలో కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్ అనే పటాలం ఉండేది. అందులో సూడాన్ వైపు నుండి వచ్చిన సిపాయిలు చాలామంది. నౌకరీ తీరిన సిపాయిలకు పెన్షను ఇవ్వడానికి దొరలకు చేతులు రాలేదు. దానికి బదులు నైరోబీ పక్కనున్న అడవిలో గుడిసెలు వేసుకోమన్నారు. 1904 ప్రాంతంలో ఇది మొదలైంది. ఆ సిపాయిలను నూబీలంటారు. వారు ముస్లిములు, వారి భాష అరబ్బీ నుండి పుట్టినది. వాళ్ళ మాటల్లో అడవిని 'కిబ్రా' అంటారు. అదే నోళ్ళలో పడి కిబెరా అయింది.

అప్పట్లో ఆ జాగా సుమారు 4,200 ఎకరాలు. కాపురం ఉండడానికి చీటీలు ఇచ్చారు గాని పట్టా ఇవ్వలేదు. చీటీ ఉండి పట్టా లేని జాగాలో ఇల్లు కట్టుకుంటే తరవాత ఏమవుతుందో మన బస్తీలవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 1963లో కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త సర్కారు కూడా అది ప్రభుత్వ భూమి అన్నది. చుట్టూ కాలనీలు లేచాయి, నేల తరిగిపోయింది. పల్లెల నుండి పనికోసం వచ్చిన లువో, లుహ్యా, కికుయు, కాంబా జాతులవారు గదులు అద్దెకు తీసుకొని చేరారు. చివరకు మిగిలినది రెండున్నర చదరపు కిలోమీటర్లు. రేకుల కప్పు, మట్టి గోడ, ఇరుకు సందు, మధ్యలో మురుగు.

ఆ బస్తీ మధ్యగా రైలు పట్టాలు పోతాయి. మొంబాసా రేవు నుండి విక్టోరియా సరస్సు దాకా 1896 నుండి 1901 వరకు ఆ రైలుదారి వేసినది ముఖ్యంగా మన దేశపు కూలీలు, దాదాపు 32,000 మంది. ఎక్కువమంది పంజాబు వారు, వారిలో ముస్లిములు ఎందరో. సుమారు 2,500 మంది ఆ పనిలోనే ప్రాణాలు విడిచారు. మన పాఠ్యపుస్తకాల్లో వాళ్ళకు ఒక్క పేరా కూడా దొరకదు, అది వేరే సంగతి.

ఇంత పాత బస్తీ, ఇంత జనం. కాని నైరోబీ సర్కారీ పటాలలో కిబెరా ఉన్నచోట అడవి అనే చూపించేవారు! ఇళ్ళు లేవు, సందులు లేవు, కుళాయిలు లేవు. జనాభా సంగతీ అంతే. పది లక్షలని కొందరు, ఆఫ్రికా అంతటికీ పెద్ద మురికివాడ అని కొందరు. విరాళాలు పోగుచేసే సంస్థలకు పెద్ద అంకె ఉంటేనే మంచిది కాబోలు. తీరా 2009 జనాభా లెక్కల్లో తేలినది 1,70,070. ఆ లెక్క తక్కువని వాదించినవారూ ఉన్నారు. ఏది ఏమైనా, బయటివాళ్ళు చెప్పే అంకెకూ బస్తీ నిజానికీ మధ్య ఎంత దూరముందో ఇక్కడే తెలుస్తున్నది.

ఇప్పుడు 2007 డిసెంబరుకు రావాలి. ఆ నెల 27న కెన్యాలో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. 30న ఫలితం ప్రకటించగానే అల్లర్లు చెలరేగాయి. జాతికీ జాతికీ మధ్య కత్తులు లేచాయి. రెండు నెలల్లో 1,100 మందికి పైగా చనిపోయారు, లక్షలాదిమంది ఇళ్ళు విడిచారు. కిబెరాలో దుకాణాలు కాలాయి. కోపంతో జనం రైలు పట్టాలు పెకలించి పారేశారు. సర్కారు టీ.వీ., రేడియోల ప్రత్యక్ష ప్రసారాలు ఆపివేసింది. ఏ వీధిలో ఏం జరుగుతున్నదో చెప్పేవాడు లేడు.

అప్పుడు ఫోను రెండు ముఖాలు చూపించింది. ఫలానా జాతివాణ్ణి తరిమికొట్టండి అని విషం చిమ్మే ఎస్.ఎమ్.ఎస్.లు చేతినుండి చేతికి పాకాయి. సందేశాలను మొత్తం ఆపెయ్యాలని ప్రభుత్వంలో ఆలోచన వచ్చింది. సఫారీకామ్ కంపెనీ పెద్ద మైఖేల్ జోసెఫ్ అలా వద్దని నచ్చజెప్పి, తమ ఖాతాదారులు 90 లక్షల మందికీ శాంతి సందేశాలు పంపించాడు.

రెండవ ముఖం 'ఉషాహిది'. 2008 జనవరి మొదటి వారంలో ఓరీ ఒకొల్లో అనే కెన్యా యువతి ఇంటర్నెట్టులో ఒక విన్నపం వ్రాసింది. ఎక్కడెక్కడ దాడులు జరిగాయో జనమే చెబితే, వాటిని పటం మీద గుర్తించే ఏర్పాటు ఎవరైనా చేయగలరా అని. ఎరిక్ హెర్స్‌మన్, జూలియానా రోటిచ్, డేవిడ్ కోబియా మొదలైనవారు చేయి కలిపారు. కొద్ది రోజుల్లోనే ఆ ఏర్పాటు తయారైంది. చేతిలో మామూలు ఫోను ఉన్నవాడు కూడా ఒక నంబరుకు ఎస్.ఎమ్.ఎస్. పంపితే, అది సరిచూచి పటం మీద చుక్కగా పెట్టేవారు. దానికి పెట్టిన పేరే ఉషాహిది. స్వాహిలీలో సాక్ష్యం అని అర్థం. మన షహాదత్ ఏ ధాతువు నుండి వచ్చిందో అదీ అందునుండే వచ్చింది. ఉర్దూలో షహాదత్ అంటే ప్రాణం ఇవ్వడమే ముందు గుర్తుకు వస్తుంది గాని, కచేరీలో గవాహీ చెప్పడమూ షహాదతే. కళ్ళారా చూచినవాడు చూచినట్టు చెప్పడం. ఈ ఉషాహిది తర్వాత 2010లో హైతీ దేశపు భూకంపంలోనూ పనికి వచ్చింది.

అయితే అల్లరి రోజుల్లో చుక్క పెట్టడం ఒకటి, ప్రశాంతంగా ఉన్నప్పుడు బస్తీని బస్తీగా ప్రపంచం ముందు నిలబెట్టడం వేరొకటి. నా దృష్టిలో రెండవదే కష్టం. ఆ పని 2009 చివర్లో మొదలైంది. ఎరికా హేగన్, మికెల్ మరోన్ అనే ఇద్దరు అమెరికన్లు కిబెరాకు వచ్చారు. బస్తీలో వాడవాడకూ ఒకరు చొప్పున 13 మంది యువతీ యువకులను పోగుచేసి, తలా ఒక జి.పి.ఎస్. యంత్రం ఇచ్చారు. ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలు అందుకొని, మనం భూమి మీద సరిగ్గా ఎక్కడ నిలబడ్డామో అంకెల్లో చెప్పే యంత్రమది. ఇప్పుడు ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ ఉంటుంది. ఆనాడు విడిగా కొనవలసినదే.

పిల్లలకు కంప్యూటరు అలవాటు అంతంత మాత్రం. కాని సందులు వాళ్ళకు తెలుసు. ఏ మలుపులో మురుగు దాటడానికి పలక వేశారో, ఏ కుళాయి దగ్గర డబ్బాకు ఎంత తీసుకుంటారో, రాత్రిపూట ఏ దారిన పోకూడదో, ఇవన్నీ పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే. ఆ పిల్లలు కాలినడకన తిరిగారు. నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి, మందుల కొట్టు, దవాఖానా, బడి, చర్చి, మసీదు, ఒక్కొక్కచోట నిలబడి గుర్తుపెట్టుకొని, సాయంకాలం వచ్చి కంప్యూటరులో ఎక్కించారు. ఎక్కించినది ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే బహిరంగ పటంలోకి. 2004లో బ్రిటనులో మొదలైన ఆ పటంలో ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కొన్ని వారాల్లోనే అడవి అనుకున్నచోట సందులు, కుళాయిలు, బడులు ప్రత్యక్షమయ్యాయి. నూబీల పాత నివాసం మకీనా, లైనీ సబా, గత్వెకెరా, సిలంగా, లిండీ – ఈ పేర్లన్నీ లోకం చూడదగిన పటంలోకి ఎక్కాయి.

బస్తీవాళ్ళు ఊరికే నమ్మలేదు. నమ్మరు కూడా. ఎందరు కాగితాలు పట్టుకొని వచ్చి లెక్కలు రాసుకొని పోలేదు! ఈ లెక్క ఎవరికోసం, దీనికి మీకెంత ముడుతుంది, ఇల్లు కూల్చడానికా ఏమిటి, అని అడిగారు. అడిగిన ప్రశ్నకు బదులు చెప్పవలసినది బయటి దొర కాదు, పక్క సందులోని పిల్లవాడే. రేపు మళ్ళీ అదే సందులో నడవాలి గదా. ఈ ఏర్పాటులో అసలు బలం అక్కడే ఉందని నా అభిప్రాయం. యంత్రం ఎవరైనా కొనియ్యవచ్చు. జవాబు చెప్పుకోవలసిన బాధ్యత మాత్రం ఆ వాడలో పుట్టినవాడికే పడుతుంది, ఆ బాధ్యత పడ్డ తర్వాత కుర్రవాడి నడక మారుతుంది.

ఈ మాట అనడానికి చిన్న కారణం ఉన్నది. నిరుడు మా బడి తొమ్మిదో తరగతి పిల్లలను తమ మొహల్లాలో వీధి కుళాయిలు లెక్కపెట్టి రమ్మన్నాను. ఫోనుతో ఫోటో తీయాలి, నీళ్ళు ఎప్పుడొస్తాయో ఇంట్లో ఆడవాళ్ళను అడిగి రాయాలి, అంతే షరతు. ఆఫీసు కాగితంలో 11 అని ఉంటే పిల్లల లెక్కకు నీళ్ళు వచ్చేవి 8 తేలాయి. మిగిలిన మూడింటిలో ఒకటి గోడలో కలిసిపోయింది. దాన్ని కనిపెట్టిన అమ్మాయి తన నానమ్మని అడిగి, అది ఏ సంవత్సరం దాకా పారిందో కూడా రాసుకొచ్చింది. అంతకు ముందు అదే క్లాసుకు నేను పటాల పాఠం రెండుసార్లు చెప్పాను, ఒక్క ప్రశ్న రాలేదు.

కిబెరాకు వద్దాం. పటం అయిపోగానే పిల్లలు ఊరుకోలేదు. 'వాయిస్ ఆఫ్ కిబెరా' అని ఒక ఏర్పాటు చేశారు. ఉషాహిది సాధనంతోనే నడిచేది, ఎస్.ఎమ్.ఎస్. ద్వారా బస్తీ ఖబర్లు పటం మీదికి వచ్చేవి. చిన్న కెమెరాలతో వార్తాచిత్రాలు తీసే 'కిబెరా న్యూస్ నెట్‌వర్క్' కూడా పెట్టారు. టీ.వీ.లవాళ్ళు మంటలు లేచినప్పుడే వస్తారు, ఈ పిల్లలు ఫుట్‌బాల్ ఆట జరిగినా చూపించేవారు. 2013 ఎన్నికల వేళ, పాత గాయం ఇంకా పచ్చిగా ఉండగా, పుకారు పుట్టినచోటికి స్వయంగా వెళ్ళి చూచి నిజమో అబద్ధమో చెప్పే పని కూడా నెత్తిన వేసుకున్నారు.

ఒక ఇబ్బంది తొందరగానే బయటపడింది. పటం ఇంటర్నెట్టులో ఉన్నది, బస్తీలో దాన్ని చూసేవారు కొద్దిమంది. అందుకని కాగితం మీద పెద్దగా అచ్చువేయించి సభలకు తీసుకుపోయారు. బాలికలను కూర్చోబెట్టి, అచ్చు పటం మీద పలుచని ట్రేసింగు కాగితం పరచి, మీకు భయం వేసే చోట్లు గుర్తుపెట్టండి అన్నారు. దీపం లేని సందు, మరుగుదొడ్డికి పోయే దారి, సారా అమ్మే గది. ఇంట్లో తండ్రికి చెప్పుకోలేనిది కాగితం మీద చుక్కగా పడింది. ఎక్కడి ఉపగ్రహం, ఎక్కడి పెన్సిలు! అయినా నాకు ఈ ఘట్టమే ఎక్కువ నచ్చుతుంది.

బడుల పటం మరొకటి. కిబెరాలో ప్రభుత్వ బడులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ ఎవరో ఒకరు రేకుల షెడ్డులో నడుపుకునేవి, సర్కారు రిజిస్టరులో లేనివి. ఈ యువకులు అన్నీ తిరిగి లెక్కతీస్తే 300 పైచిలుకు బడులు తేలాయి. ఎంతమంది పిల్లలు, ఎంతమంది పంతుళ్ళు, ఫీజు ఎంత, మరుగుదొడ్డి ఉందా లేదా అని ఒక్కొక్క బడికీ వివరం. పంతులు వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, లెక్కలో లేని బడిలో చదివే పిల్లవాడు కూడా లెక్కలో లేనట్టే.

కిబెరాలో నేర్చుకున్న యువకులే కొందరు నైరోబీలోని మథారే అనే మరో బస్తీకి వెళ్ళి అక్కడి పిల్లలకు నేర్పారు.

మంచి మాత్రమే చెబితే చరిత్ర కాదు. నూబీ పిల్లల గుర్తింపు సంగతి చెప్పాలి. కెన్యాలో 18 ఏళ్ళు నిండగానే జాతీయ గుర్తింపు కార్డు తీసుకోవాలి. అది లేకపోతే నౌకరీ లేదు, ఓటు లేదు, ఎం-పెసా ఖాతా లేదు, తన పేరుమీద సిమ్ కార్డు కూడా రాదు. మిగతావారికి కార్డు సులభంగా వచ్చేది. నూబీ పిల్లలు మాత్రం ఒక కమిటీ ముందు నిలబడి తాత ఎక్కడ పుట్టాడో రుజువు చూపవలసి వచ్చేది. వంద సంవత్సరాలుగా ఒకేచోట ఉన్న ఖాందాన్ పిల్లవాడు పరదేశి కాదని నిరూపించుకోవలసి వచ్చేది! తల్లి పేరనో అన్న పేరనో ఉన్న సిమ్ వాడుకునే కుర్రవాడికి ఫోనుతో బస్తీ సేవ చెయ్యమని ఎవరు చెబుతారు, ఏ ముఖంతో చెబుతారు? 2011 మార్చిలో, పిల్లల హక్కులను చూచే ఆఫ్రికా నిపుణుల కమిటీ ఈ విషయంలో కెన్యా ప్రభుత్వానిదే తప్పని తీర్పు చెప్పింది. ఆ కమిటీ ఇచ్చిన మొదటి తీర్పు అదే. పద్ధతి మాత్రం ఒక్కరోజులో మారలేదు.

2019లో ప్రభుత్వం 'హుదుమా నంబా' అని అందరికీ ఒకే అంకె ఇచ్చే పథకం తెచ్చింది. హుదుమా అంటే సేవ, మన ఖిద్మత్‌కు చుట్టమే. అందుకోసం చేసిన చట్టంలో మనిషి డి.ఎన్.ఏ., అతను ఉండే చోటు జి.పి.ఎస్. గుర్తు కూడా తీసుకోవచ్చునని ఉంది. నూబియన్ రైట్స్ ఫోరం అనే సంస్థ హైకోర్టుకు పోయింది. 2020 జనవరి 30న కోర్టు డి.ఎన్.ఏ., జి.పి.ఎస్. గుర్తులు తీసుకోవడం రాజ్యాంగానికి విరుద్ధమన్నది, సరైన చట్టం లేనిదే పథకం ముందుకు పోరాదన్నది. చూడండి, పదేళ్ళ కింద అదే కిబెరాలో అదే జి.పి.ఎస్. పట్టుకొని పిల్లలు ఇష్టంగా తిరిగారు. తమ చేతిలో ఉన్నప్పుడు కుళాయిని గుర్తించారు, సర్కారు చేతిలో ఉంటే తమ గడప గుర్తవుతుంది. నూబీల భయంలో నాకు తప్పేమీ కనబడదు.

భూమి సంగతిలో కొంత న్యాయం జరిగింది. 2017 జూన్‌లో అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా నూబీ సమాజానికి 288 ఎకరాల పట్టా ఇచ్చాడు. మొదట 4,200 ఎకరాలు, చివరకు 288. అయినా ఆ రోజు మకీనాలో ముసలివాళ్ళకు అది చిన్న విషయం అయివుండదు.

మిగతా కిబెరాకు ఆ అదృష్టం లేదు. 2018 జులై 23న కొత్త రోడ్డు కోసం బుల్‌డోజర్లు వచ్చాయి. పునరావాసం కోసం లెక్కలు తీసే ప్రక్రియ పూర్తికాకుండానే కూల్చివేత మొదలైంది. సుమారు 30,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది. కూలిన వాటిలో బడులూ ఉన్నాయి. పటంలో ఉన్నంత మాత్రాన బుల్‌డోజరు ఆగలేదు. రోడ్డు పడ్డది.

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఒక సదుపాయం ఉన్నది. ఎవరు ఏ తేదీన ఏమి చేర్చారో, ఏమి తీసివేశారో పాత నమోదులన్నీ చెరగకుండా ఉంటాయి. ఇప్పుడు ఆ రోడ్డు మీద బస్సులు పోతున్నచోట ఒకప్పుడు పిల్లలు గుర్తించిన బడి ఏది, కుళాయి ఏది, సందు పేరేమిటి, ఆ పాత పొరల్లో ఈనాటికీ తెరిచి చూడవచ్చు.